పెచ్చులూడిన కాంక్రీటుకు గునైటింగ్: నాజిల్ తెరవక ముందు జరగవలసిన పని

మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకుకు గునైటింగ్ జరిగిన రెండవ వర్షాకాలంలో దాని అడుగుభాగం నుండి చేటంత వెడల్పు గల పెచ్చు ఒకటి ఊడి, ఆడవాళ్ళు బిందెలు పెట్టే గట్టుకు నాలుగడుగుల దూరంలో పడింది. తెల్లవారుజాము కావడం వల్ల అక్కడ ఎవరూ లేరు. బడికి వెళ్తూ ఆ పెచ్చును తిరగవేసి చూశాను. ముందువైపు గట్టి సిమెంటు. మేకుతో గీసినా గీత పడలేదు. వెనుకవైపు మాత్రం నున్నగా ఉంది. దాని నిండా పాత సున్నపు పొర, ఆ సున్నం మీద ఆకుపచ్చని పాచి మరకలు కనిపించాయి. అంటే కొత్త కాంక్రీటు పాత కాంక్రీటును ఒక్కరోజైనా తాకలేదన్నమాట. అది సున్నానికి అంటుకుంది. సున్నం గోడను విడిచిపెట్టింది.

వాడిన సిమెంటు మంచిదే, యంత్రమూ మంచిదే. లోపం ఎక్కడ జరిగిందో ఆ పెచ్చు వెనుకభాగమే చెప్పింది. పని జరిగిన రోజును గుర్తు చేసుకుంటే ఉదయం కంప్రెసర్ వచ్చింది, మధ్యాహ్నానికే చిమ్మడం మొదలైంది. “గోడ కడగరా మేస్త్రీ?” అని నేను అడిగిన మాట నిజం. “మిషను దెబ్బకు అదే పట్టుకుంటాది సార్” అని ఆయన నవ్వాడు. నేనూ నమ్మాను. పైగా యంత్రం పనిచేసే తీరు చూపిద్దామని ఏడవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళాను. చూపించవలసిన పని అంతకుముందే జరిగి ఉండాలని, అది అసలు జరగనేలేదని అప్పుడు నాకు తెలియదు.

బళ్ళారి, రాయచూరు, కోలారు, పావగడ ప్రాంతాలలోనూ, హోసూరు వైపునా, గంజాం, కోరాపుట్ జిల్లాలలోనూ మన తెలుగు కుటుంబాలు ఉన్న ఊళ్ళలో నీటి ట్యాంకులు, బడి వరండా స్లాబులు, కాలువల మీది చిన్న వంతెనలు చాలా వరకు పాతబడ్డాయి. వాటికి మరమ్మతు వచ్చినప్పుడు బోర్డు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో ఉంటుంది. అంచనా పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఆ పత్రంలో ఉపరితలాన్ని సిద్ధం చేయడం గురించిన వాక్యం తరచుగా ఒకే ఒక్క వరుస. మరమ్మతు నిలుస్తుందా రాలుతుందా అనేది ఆ ఒక్క వరుస మీదనే ఆధారపడి ఉంది కనుక, ఆ వరుసలో ఏమేమి ఇమిడి ఉన్నాయో మన భాషలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గునైటింగ్ అంటే ఏమిటి?

ఈ పద్ధతి పుట్టిందే ఒక మరమ్మతు కోసం. అమెరికాలోని షికాగో నగరంలో 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఒక భవనంలో తరువాత ఫీల్డ్ మ్యూజియం వెలసింది. దాని వెలుపలి పూత పెచ్చులుగా రాలిపోతుంటే, ఆ మ్యూజియంలోనే చనిపోయిన జంతువుల చర్మాలకు రూపం పోసి నిలబెట్టే కార్ల్ ఏక్లీ అనే నిపుణుడు 1907లో గాలి వత్తిడితో పూతను చిమ్మే ఒక గొట్టపు యంత్రాన్ని తయారు చేశాడు. 1911లో దానికి పేటెంటు లభించింది. ‘సిమెంట్ గన్’ అని పిలిచిన ఆ యంత్రం నుండే ‘గునైట్’ అన్న వ్యాపారనామం వచ్చింది. షాట్‌క్రీట్ అన్న మాట తరువాతిది. మన దేశంలో మేస్త్రీలు మొదలు ఇంజనీర్ల వరకు నేటికీ గునైటింగ్ అనే అంటారు.

ఇందులో రెండు విధాలు ఉన్నాయి. పొడి పద్ధతిలో సిమెంటు, ఇసుక కలిపిన పొడి మిశ్రమం గొట్టం గుండా గాలితో వస్తుంది; నాజిల్ దగ్గర మాత్రమే దానికి నీరు కలుస్తుంది. తడి పద్ధతిలో ముందే నీరు కలిపిన కాంక్రీటును పంపుతో తోసి, నాజిల్ దగ్గర గాలిని జోడిస్తారు. చిన్న మరమ్మతులకు పొడి పద్ధతి అనుకూలం. రెంటిలోనూ మిశ్రమం వేగంగా వెళ్ళి గోడకు కొట్టుకొని, ఆ దెబ్బకే దట్టమవుతుంది. చెక్కలు బిగించి అచ్చు కట్టవలసిన పని లేదు. నిలువు గోడకైనా, తలపైన ఉన్న స్లాబు అడుగుకైనా వేయవచ్చు.

“మిషను దెబ్బకు పట్టుకుంటాది” అన్న భ్రమ ఈ వేగం చూసి కలిగినదే. ఆ దెబ్బ కొత్త మిశ్రమాన్ని దట్టం చేయగలదు; దాని వెనుక ఉన్న సున్నాన్ని గాని, పాచిని గాని, డొల్లబారిన పాత కాంక్రీటును గాని గట్టిపరచలేదు. కొత్త పొర ఎంత బలమైనదైనా అది పట్టుకున్న వస్తువు ఎంత బలంగా ఉందో అంతవరకే నిలుస్తుంది.

పెచ్చు ఎందుకు ఊడింది?

మందు వేయక ముందు రోగం తెలియాలి. కాంక్రీటు తయారైనప్పుడు గాఢమైన క్షారగుణం కలిగి ఉంటుంది. ఆ గుణం ఉన్నంతకాలం లోపలి ఇనుప చువ్వకు తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సంవత్సరాల తరబడి మెల్లగా లోపలికి చొచ్చుకొని ఆ క్షారగుణాన్ని తగ్గిస్తూ వస్తుంది. చువ్వ మీద ఉండవలసిన కాంక్రీటు మందం తక్కువైన చోట ఇది త్వరగా చువ్వను చేరుతుంది. అటుపై తేమ తగిలితే తుప్పు మొదలవుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండు నుండి ఆరు రెట్ల వరకు పెరుగుతుంది. ఆ ఉబ్బుకు మీది కాంక్రీటు పగిలి పెచ్చుగా లేస్తుంది. నీటి ట్యాంకు మూత లోపలివైపు ఎప్పుడూ ఆవిరి, బ్లీచింగు వాయువు తగులుతూ ఉంటాయి గనుక అక్కడ ఈ రోగం ముందు కనిపిస్తుంది. యానాం వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి, ఉప్పునీటి వల్ల క్షారగుణం తగ్గకపోయినా చువ్వ తుప్పు పడుతుంది.

క్షారగుణం పోయిందో లేదో చూడడానికి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉండే ఫినాఫ్తలీన్ ద్రావణమే చాలు. అప్పుడే పగులగొట్టిన కాంక్రీటు ముక్క మీద రెండు చుక్కలు వేస్తే ఆరోగ్యంగా ఉన్న భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. క్షారగుణం కోల్పోయిన భాగం రంగు మారదు. అంచు నుండి ఎంత లోతు వరకు రంగు రాలేదో కొలిస్తే, జబ్బు చువ్వ దాకా వెళ్ళిందా లేదా అన్నది తెలుస్తుంది. ఈ పరీక్షను ట్యాంకు లోపల చేయరాదు. ముక్కను వెలుపలికి తెచ్చి, చేతికి తొడుగు వేసుకొని, పెద్దవారే చేయాలి. పిల్లలకు ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పేటప్పుడు నేను ఇప్పుడు ఆ ఊడిపడిన ట్యాంకు ముక్కనే బల్ల మీద పెడుతున్నాను.

సుత్తి చెప్పే మాట

కంటికి కనిపించే పెచ్చులే జబ్బు అనుకోవడం పొరపాటు. చుట్టూ చాలా భాగం పైకి బాగానే ఉన్నట్లు కనిపిస్తూ లోపల విడివడి ఉంటుంది. చిన్న సుత్తితో జానెడు జానెడు దూరాన తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట ‘ఠంగ్’మని పలుకుతుంది. విడిన చోట కుండ మీద తట్టినట్లు మొద్దుగా మోగుతుంది. మనం దానిని డొల్ల అంటాం, కన్నడంవారు టొళ్ళు అంటారు. సుత్తి కూడా వారికి సుత్తిగెయే. కాబట్టి ఈ పరీక్ష దగ్గర ఇంజనీరుకు, ఊరివారికి మధ్య భాష అడ్డురాదు.

డొల్ల పలికిన ప్రతి చోటును సుద్దతో గుర్తించాలి. ఆ గీతల లోపలి వైశాల్యం అంచనా పత్రంలో రాసినదానికంటే తరచుగా ఎక్కువే వస్తుంది. వివాదం మొదలయ్యేది ఇక్కడే. అనుమతించిన చదరపు మీటర్లు అయిపోగానే మిగిలిన డొల్లను అలాగే వదిలి, దాని మీదుగా చిమ్మి కప్పివేయడం జరుగుతుంది. కప్పిన డొల్ల మానదు. దాని అంచున చువ్వ తుప్పు కొనసాగి, కొత్త పొరను తనతోపాటు లాక్కొని కింద పడుతుంది. డబ్బు చాలకపోతే తక్కువ భాగాన్ని పూర్తిగా బాగుచేసి మిగిలినది తరువాతి విడతకు ఉంచడం మేలని నా అభిప్రాయం.

చెక్కడం

చెక్కే ముందు ఒక హెచ్చరిక. ట్యాంకు స్తంభాలు, దూలాలు బరువు మోస్తూ ఉంటాయి. వాటి కాంక్రీటును ఎంత లోతుగా, ఎన్ని చోట్ల ఒకేసారి తీయవచ్చు, ముందుగా ఊతకర్రలు లేక ఇనుప ఊతాలు ఎక్కడ నిలపాలి అన్నది నిర్మాణ ఇంజనీరు నిర్ణయించవలసిన విషయం. ట్యాంకు ఖాళీ చేయకుండా స్తంభం చెక్కడం ప్రాణాపాయం. ఊరివారు ఉత్సాహం కొద్దీ పలుగు పట్టరాదు.

డొల్లబారిన కాంక్రీటునంతా గట్టి కాంక్రీటు తగిలే వరకు తీసివేయాలి. తుప్పు పట్టిన చువ్వ సగం బయటపడిందంటే, దాని వెనుక కూడా వేలు దూరేంత, అనగా కనీసం 20 నుండి 25 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేటట్లు తవ్వాలి. అప్పుడే కొత్త మిశ్రమం చువ్వ చుట్టూ నిండి దానిని పట్టుకుంటుంది. చువ్వ ముందుభాగాన్ని మాత్రం శుభ్రం చేసి వెనుకభాగాన్ని తుప్పుతో వదిలివేయడం మన ప్రాంతంలో మామూలైపోయింది. ఆ వెనుక తుప్పే మళ్ళీ ఉబ్బి పెచ్చును తోస్తుంది.

ఏ పరికరంతో చెక్కుతున్నారన్నది కూడా ముఖ్యమే. బరువైన బ్రేకరుతో బాదితే పని త్వరగా అవుతుంది గాని, మిగలవలసిన గట్టి కాంక్రీటు పైపొరలో కంటికి కనపడని సన్నని పగుళ్ళు ఏర్పడతాయి. చూడడానికి గరుకుగా, శుభ్రంగా ఉంటుంది. లోపల మాత్రం చివికి ఉంటుంది. కొత్త పొర ఆ చివికిన పొరను పట్టుకొని కొంతకాలానికి దానితో సహా ఊడుతుంది. అందువల్ల తేలికపాటి సుత్తి యంత్రంతో గాని, ఉలి, సుత్తితో గాని చెక్కి, చివరగా అధిక వత్తిడి గల నీటిధారతో గాని, ఇసుక వంటి గరుకు పదార్థాన్ని చిమ్మి గాని ఆ చివికిన పొరను తొలగించాలి. పెద్ద పనులలో కాంక్రీటును నీటిధారతోనే కోసి తీస్తారు. అందులో సన్నని పగుళ్ళ బెడద చాలా తక్కువ. ఊరి స్థాయి పనికి అంత యంత్రం రాకపోవచ్చు. అయినా చెక్కిన తరువాత వత్తిడి నీటితో కడగడం మాత్రం ఎక్కడైనా సాధ్యమే.

పొడి ఇసుకను చిమ్మి శుభ్రపరచే పనిలో లేచే ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయంకాని వ్యాధిని కలిగిస్తుంది. పనివారు ముఖానికి తువ్వాలు కట్టుకుంటే చాలదు. నీటితో కలిపి చిమ్మే పద్ధతో, ఇసుకకు బదులు సిలికా లేని పదార్థమో వాడి, తగిన శ్వాసరక్షణ ఇవ్వాలి. పొట్టకూటికి దూరం నుండి వచ్చిన కూలీలు దీనిని అడగలేరు. మనమే అడగాలి. బడి పక్కన పని అయితే ఆ రోజులలో పిల్లలను అటు పోనీయరాదు.

అంచుల విషయంలో చేతితో చేసే మరమ్మతుకు, గునైటింగ్‌కు తేడా ఉంది. ఎక్కడైనా సరే, అంచు రొట్టె అంచులా సన్నగా సున్నా మందానికి జారిపోకూడదు. అంత పలుచని పొర ఎండి లేచిపోతుంది. కాబట్టి చుట్టూ కోతయంత్రంతో తక్కువ లోతు గీత కోసి అంచుకు కొంత మందం ఇవ్వాలి. కోసేటప్పుడు చువ్వ తెగకుండా చూసుకోవాలి. అయితే ఆ గీత నుండి లోపలికి గుంట గోడలు పెట్టె మాదిరిగా నిటారుగా ఉండరాదు. సుమారు 45 డిగ్రీల వాలుతో నోరు వెడల్పుగా, అడుగు ఇరుకుగా ఉండాలి. నిటారు మూలలో చిమ్మినప్పుడు ఎగిరిపడే ఇసుక, కంకర బయటికి పోలేక మూలలోనే పేరుకుపోతాయి. వాటి మీద మంచి మిశ్రమం కప్పుకొని, లోపల డొల్ల మిగిలిపోతుంది.

చువ్వ, జాలి

బయటపడిన చువ్వను తుప్పు పొరలు, పొడి పోయి లోహం కనిపించే వరకు రుద్దాలి. ఇనుప బ్రష్షు ముందువైపు బాగానే పనిచేస్తుంది, వెనుకవైపుకు అందదు. నీటిధార లేక గరుకు పదార్థం చిమ్మడం అందుకే మేలు. చువ్వ లావు బాగా తగ్గినట్లయితే, ఉదాహరణకు నాలుగవ వంతు తినివేసి ఉంటే, దాని పక్కన కొత్త చువ్వ కట్టాలా అన్నది ఇంజనీరును అడిగి తీరాలి.

మందమైన పొరకు వేసే ఇనుప జాలిని గోడకు మేకులతో గట్టిగా బిగించి, గోడకు, జాలికి నడుమ కొంత ఎడం ఉంచాలి. చేతితో ఊపితే జాలి కదలరాదు. చిమ్మేటప్పుడు కదిలే జాలి వెనుక, చువ్వల వెనుక ఖాళీలు మిగులుతాయి. ఒక జాలి మీద మరొకటి మడతలుగా పడవేసిన చోట కూడా అంతే.

దుమ్ము, నూనె, నీరు

ఇక మా ఊరి పెచ్చు సంగతికి వద్దాం. సున్నం, రంగు, పాచి, పాత ప్లాస్టరు, నూనె మరక, పక్షుల రెట్ట, వదులుగా ఉన్న ఇసుకరేణువు, ఇవన్నీ పోవాలి. డొల్ల లేని గట్టి గోడ అయినా సరే, దాని మీద కొత్త పొర వేయదలచినప్పుడు పై నునుపు పోయి లోపలి ఇసుక, కంకర గింజలు బయటికి తేలాలి. అరచేయి ఆనిస్తే పనసకాయ తొక్కను తాకినట్లుండాలి. అక్కడక్కడ ఉలితో గాట్లు పెట్టి వదిలివేయడం చాలదు. గాట్ల నడుమ మిగిలిన నున్నని భాగం పట్టు ఇవ్వదు.

కడగడం ఎప్పుడూ పైనుండి కిందికి జరగాలి. కింది భాగం కడిగాక పైభాగం చెక్కితే ఆ దుమ్మంతా మళ్ళీ కిందికే వచ్చి చేరుతుంది. గాలితో ఊదేటప్పుడు కంప్రెసర్ గాలిలో నూనె తుంపరలు రాకుండా చూడాలి. దీనికి సులభమైన పరీక్ష ఉంది. గాలి గొట్టం ఎదుట కొంచెం దూరంలో ఒక తెల్ల కాగితాన్ని చెక్కకు బిగించి కాసేపు ఉంచితే నూనె చుక్కలు వాటంతట అవే కనిపిస్తాయి. నూనె పడిన గోడకు ఏదీ అంటదు. గోడ శుభ్రమైందో లేదో చూడడానికి ఆరిన తరువాత నల్లని గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ తెల్లబడితే మళ్ళీ కడగాలి.

తరువాతది తడి. ఇందులో రెండు తప్పులు జరుగుతాయి, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. గోడ ఎండి ఉంటే కొత్త మిశ్రమంలోని నీటిని అది పీల్చివేస్తుంది. పట్టుకోవలసిన చోటనే సిమెంటుకు గట్టిపడేందుకు నీరు మిగలదు. గోడ మీద నీరు మెరుస్తూ నిలిచి ఉంటే ఆ నీటి పొర మిశ్రమంలో కలిసి, సరిగ్గా అతుకు దగ్గరే దానిని పలుచన చేస్తుంది. కావలసినది లోపల నిండా తడిసి, పైన మాత్రం మెరుపు ఆరిన గోడ. రంగు ముదురుగా ఉండాలి, వేలితో తాకితే చల్లగా ఉండాలి, వేలికి నీరు అంటరాదు. మా అవ్వ మట్టిగోడకు మెత్తే ముందు రాత్రి నీళ్ళు చిలకరించి, తెల్లవారి మళ్ళీ తడిపి, నీరు ఇంకేదాకా వక్కాకు వేసుకుంటూ కూర్చునేది. ఇంజనీరింగ్ పుస్తకాలు చెప్పేది కూడా అదే పని.

బళ్ళారి వంటి చోట్ల ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటప్పుడు ముందురోజు నుండే గోడను తడుపుతూ ఉండి, తెల్లవారి చల్లని వేళలో చిమ్మడం మంచిది. ఇందుకు వ్యతిరేకంగా గోడలో నుండి నీరు ఊరుతూ ఉంటే, ముందుగా ఆ ఊటను ఆపడమో, చిన్న గొట్టం పెట్టి పక్కకు మళ్ళించడమో చేయాలి. పారే నీటి మీద ఏ మిశ్రమమూ నిలవదు.

కొందరు గుత్తేదారులు గోడకు అతుకు మందు, అనగా జిగురు ద్రావణం పూసి, “కడగకపోయినా ఇది పట్టుకుంటుంది” అంటారు. శుభ్రంగా, గరుకుగా, తగిన తడితో ఉన్న గోడకు గునైటింగ్‌లో సాధారణంగా అటువంటి పూత అవసరం లేదు. చిమ్మే వేగం వల్ల మొదట తగిలిన సిమెంటు ముద్ద గరుకులలోకి దిగి తానే ఆ పని చేస్తుంది. పూత పూసి చిమ్మడం ఆలస్యమైతే అది ఆరిపోయి, పట్టు ఇవ్వడానికి బదులు అడ్డుగోడ అవుతుంది.

సిద్ధం చేసిన గోడ ఎంతోకాలం సిద్ధంగా ఉండదు. మన ఊళ్ళలో ఎద్దుల బండి పోయినా, ట్రాక్టరు పోయినా దుమ్ము లేస్తుంది. రుద్దిన చువ్వ ఒక్క తేమ రాత్రికే మళ్ళీ ఎర్రబడుతుంది. కడగడానికి, చిమ్మడానికి మధ్య రెండు రోజులు గడిస్తే మళ్ళీ కడగవలసిందే. పొర మీద పొర వేసేటప్పుడు కూడా ఇదే నియమం: మొదటి పొర మీద చెదరిన ఇసుకను, పలుచని సిమెంటు నురగను తుడిచి, తడిపి, ఆ తరువాతనే రెండవది.

చిమ్మే పూట

చిమ్మడం గురించి కొద్దిగానే చెబుతాను; అది నేర్పు గల మనిషి పని. నాజిల్ గోడకు లంబంగా, సుమారు మీటరు నుండి మీటరున్నర దూరంలో ఉండాలి. ఏటవాలుగా పట్టుకుంటే ఎగిరిపడే భాగం పెరుగుతుంది. పొడి పద్ధతిలో గోడల మీద సుమారు 15 నుండి 30 శాతం, తలపైన అయితే ఇంకా ఎక్కువ ఎగిరి కిందపడుతుంది. అది ఎక్కువగా ఇసుక, కంకర. అందులో సిమెంటు తక్కువ. కిందపడినదాన్ని పారతో ఎత్తి మళ్ళీ డ్రమ్ములో పోయడం కళ్ళారా చూశాను. అది ఎంతమాత్రం తగదు. పని అయ్యాక కనీసం ఏడు రోజులు గోనెపట్టాలు కప్పి తడి ఆరకుండా చూడాలి. మొదటి రోజు ఎండకు వదిలితే అంత శ్రమా వృథా.

అడిగే హక్కు

ఈ పనికి డబ్బు సాధారణంగా చిమ్మిన చదరపు మీటర్ల లెక్కన చెల్లిస్తారు. సుత్తితో తట్టిన గంటలు, చువ్వ వెనుక తవ్విన వేలెడు లోతు, కడిగిన నీరు కొలతల పుస్తకంలోకి ఎక్కవు. ఒకసారి కప్పివేస్తే వాటిని ఎవరూ చూడలేరు. తయారీ పని ఎగిరిపోవడానికి మేస్త్రీ దుర్మార్గం కంటే ఈ లెక్క పద్ధతే ఎక్కువ కారణమని నేననుకుంటున్నాను. అందుచేత గోడ సిద్ధమయ్యాక, చిమ్మక ముందు ఒక ఆగవలసిన ఘట్టం ఉండాలి. ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. పంచాయతీ సభ్యులు కొలబద్ద పక్కన పెట్టి, తేదీతో ఫొటోలు తీయాలి. చువ్వ వెనుక ఖాళీ, అంచుల వాలు, గరుకు, తడి ఫొటోలో తెలుస్తాయి. షాట్‌క్రీట్ పనికి భారత ప్రమాణాల సంస్థ 1978లో ప్రచురించిన ఐ.ఎస్. 9012 అనే ప్రమాణం ఉంది. అంచనాలో దాని ప్రస్తావన ఉందేమో చూడండి.

సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం అంచనా పత్రం, కొలతల పుస్తకం నకళ్ళు కోరవచ్చు. అంతేకాదు, ఆ చట్టంలోని 2వ సెక్షన్ ‘జె’ ఉపవిభాగం ప్రభుత్వ పనిని స్వయంగా పరిశీలించడాన్ని, వాడిన సామగ్రి నుండి ధృవీకరించిన నమూనాలు తీసుకోవడాన్ని కూడా పౌరుని హక్కుగా పేర్కొంది. అయితే దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి సాధారణ గడువు 30 రోజులు. గునైటింగ్ నాలుగు రోజులలో ముగుస్తుంది. కాబట్టి బోర్డు పాతిన నాడే దరఖాస్తు పెట్టాలి.

పని పూర్తయిన తరువాత పట్టును కొలిచే పరీక్ష కూడా ఉంది. కొత్త పొర గుండా పాత కాంక్రీటు లోపలికి దిగేటట్లు గుండ్రని గాడి కోసి, మధ్య ముక్కకు లోహపు బిళ్ళ అతికించి, యంత్రంతో లాగుతారు. చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల బలం వరకు తట్టుకుంటే మంచి పట్టు అని సాధారణంగా భావిస్తారు. నా దృష్టిలో ఆ అంకె కంటే ముక్క ఎక్కడ తెగిందన్నది ఎక్కువ చెబుతుంది. పాత కాంక్రీటు లోపల లోతుగా తెగితే అతుకు దానికంటే బలంగా ఉన్నట్లు. కొత్త పొరలోనే తెగితే మిశ్రమంలోనో చిమ్మడంలోనో లోపం. సరిగ్గా అతుకు దగ్గర శుభ్రంగా విడివడితే గోడను సిద్ధం చేయలేదన్నమాట. పాత కాంక్రీటు పైపొరను పలుచగా అంటించుకొని విడివడితే బరువైన బ్రేకరు చేసిన చివుకు అని అనుమానించాలి.

ఆ యంత్రం రాకపోయినా సుత్తి ఎలాగూ ఉంది. తడపడం ముగిశాక ఒకసారి, నెల తరువాత ఒకసారి మొత్తం తట్టి, డొల్ల పలికిన చోట్లను గడువు ముగియక ముందే గుత్తేదారుకు వ్రాతపూర్వకంగా తెలపాలి. మా ట్యాంకుకు ఆ పని ఎవరూ చేయలేదు, నేను కూడా చేయలేదు. పెచ్చు పడిన తరువాత వాటర్‌మన్, నేను నిచ్చెన వేసుకొని అందినంత మేర తట్టి చూశాము. కొత్తగా చిమ్మిన భాగంలో సగానికి పైగా టొళ్ళే. గీసిన సుద్ద గీతల ఫొటోలతో పంచాయతీకి కన్నడంలో అర్జీ ఇచ్చి, దాని తెలుగు ప్రతిని బడి నోటీసు బోర్డుకు అంటించాను. బిందెలు పెట్టే గట్టును ప్రస్తుతానికి ట్యాంకు నీడ పడని చోటికి, ఇరవై అడుగుల అవతలికి మార్చారు.